బడి బోర్డు కాదు, ల్యాబ్ తాళం చూడండి



పెద్దపంట కోతలు అయిపోవచ్చాయి. వడ్లు కల్లాల్లోంచి లారీలెక్కుతుండాయి. సరిగ్గా ఇదే టైముకి ఊళ్లోకి ఇంకో రకం మనుషులు కూడా వస్తారు, గమనించే ఉంటారు. మెడలో కార్డు, చేతిలో రంగుల కాగితాలు, "మీ అబ్బాయి ఏ క్లాసు సార్?" అని గడప గడపకీ తిరిగే స్కూళ్ల పీఆర్వోలు. ఎవరి చేతికి ఎప్పుడు డబ్బొస్తుందో వాళ్లకి బాగా తెలుసు.

వాళ్లని తిట్టేదానికి ఈ పోస్టు రాయలేదు. వాళ్ల ఉద్యోగం వాళ్లు చేస్తుండారు. మన పని మనం చేస్తున్నామా అన్నదే నా మాట.

వరి విత్తనం తెస్తే ఏం చేస్తాం? తడిగుడ్డలో నూరు గింజలు కట్టి, ఎన్ని మొలిచాయో లెక్కపెట్టి గానీ నారు పోయం. రొయ్యపిల్ల తేవాలంటే హేచరీ కాడికి పోయి, పీసీఆర్ రిపోర్టు చూసి, ఉప్పుశాతం మార్చి పిల్ల తట్టుకుంటుందో లేదో పరీక్ష పెట్టి గానీ బండెక్కించం. నాలుగు నెలల పంటకి ఇంత చూస్తాం. పదేళ్ల చదువుకి మాత్రం ఒక రంగుకాగితం, రోడ్డు మీద ర్యాంకుల ఫ్లెక్సీ, పక్కింటోళ్ల పిలకాయ యాడ చదువుతుండాడో అది. అంతే గదా మనం చూసేది?

నేను చెప్పొచ్చేది ఒక్కటే. సైన్సు బాగా చెప్పే బడి కావాలంటే బోర్డు మీది పేరు చూస్తే తెలియదు. ఆ బడిలో పిలకాయ తన చేత్తో ఏం చేస్తుండాడు, 'ఎందుకు' అని అడిగితే అయ్యోరు ఊరుకుంటాడా, కసురుతాడా అన్నది చూడాలి. అది చూసేదానికి మనకి డిగ్రీ అక్కర్లేదు. ఒక పూట టైము చాలు.

ముందు డబ్బు లెక్క చూద్దాం. 2025-26కి సాధారణ రకం వడ్లకి మద్దతు ధర క్వింటాలు 2,369 రూపాయలు. మన పుట్టి 850 కిలోలు, అంటే పుట్టికి 20,136 రూపాయలు. టౌన్లో ఫీజు, బస్సు, పుస్తకాలు, యూనిఫాం అన్నీ కలిపి లక్ష అవుతుందనుకోండి. ఐదు పుట్లు పోయినట్టే. ఎకరాకి మూడు పుట్లు పండినా ఎకరాన్నర పైన పంట మొత్తం అది. పెట్టుబడి, కౌలు తీయకముందు లెక్క ఇది. మద్దతు ధర చేతికి రాని ఏడు ఇంకా జాస్తి. ఇద్దరు పిలకాయలుంటే ఎంతో మీరే వేసుకోండి. ఇంత పెట్టేటప్పుడు కొనే సరుకేందో చూడాల్సిన అవసరం లేదా?

ఇక ర్యాంకుల బోర్డు సంగతి. ఆ ఫోటోల్లో ఉండేది చాలావరకు ఇంటర్ పిలకాయలు. ఎన్నో బ్రాంచీల్లో ఏరిన వాళ్లని ఒక్కచోట చేర్చి చదివిస్తే వచ్చిన ర్యాంకులవి. మన పిలకాయ చేరేది మన మండలం సెంటర్లో ఉండే బ్రాంచీ ఆరో తరగతిలో. ఆ ఆరో తరగతికి సైన్సు చెప్పేది ఎవరు, ఆయన ఏం చదివాడు, పోయినేడు ఉన్నాడా, వచ్చే ఏడు ఉంటాడా? ఫ్లెక్సీ మీద ఇవేవీ ఉండవు.

అసలు సైన్సు రావడం అంటే ఏందో మన గుంట గట్టు మీద నిలబడి చూద్దాం. తెల్లవారుజామున మూడు గంటలకి లేచి ఏరియేటర్లు తిరుగుతున్నాయో లేదో చూసుకోని రొయ్యల రైతు ఇందుకూరుపేట నుంచి కోట దాకా ఎవరన్నా ఉండారా? కరెంటు పోతే జనరేటర్ కాడికి పరిగెత్తుతాం. ఎందుకు ఆ టైముకే? పగలు ఎండకి నీళ్లలో బ్లూమ్ ఆక్సిజన్ తయారుచేస్తుంది. పొద్దుగూకినాక ఆ తయారీ ఆగిపోతుంది. రాత్రంతా రొయ్య, అడుగున కుళ్లే మేత, ఆ బ్లూమ్ కూడా అదే ఆక్సిజన్ పీల్చుకుంటాయి. వాడకం ఆగదు, తయారీ లేదు. అందుకే పొద్దు పొడవకముందు ఆక్సిజన్ బాగా దిగిపోతుంది. వాయుగుండం పట్టి మూడు రోజులు మబ్బేస్తే ఇంకా ప్రమాదం. పొద్దున చూసిన పీహెచ్ సాయంత్రానికి పెరిగేదీ ఈ లెక్కలోనే. పగలు బ్లూమ్ నీళ్లలోని కార్బన్ డయాక్సైడ్ వాడుకుంటుంది గనక.

దీన్నే పుస్తకంలో కిరణజన్య సంయోగక్రియ, శ్వాసక్రియ అంటారు. మన పిలకాయలు ఈ రెండు మాటలకీ నిర్వచనం గడగడా అప్పజెప్తారు. "మరి నాయన రాత్రి ఏరియేటర్ ఎందుకు వేస్తాడురా?" అంటే నోరు తెరుస్తారు. నిర్వచనం వచ్చి గుంట సంగతి తెలియకపోతే వచ్చింది కంఠస్థం. రెండూ కలిపి చెప్పగలిగితే అది సైన్సు. ఈ రెండింటినీ కలిపేవాడే మంచి అయ్యోరు.

ఇలాంటివి మన కాడ బోలెడు. ఉప్పునీళ్లలో విత్తనాలేసి తాలు తేల్చి తీసేస్తాం, అది సాంద్రత పాఠం. తీరంలో బోరు నీళ్లు ఉప్పు తిరిగితే మొక్క వాడిపోతుంది, అది ద్రవాభిసరణ పాఠం. రాకెట్ సంగతి అయితే చెప్పక్కర్లేదు. శ్రీహరికోట 2022లో తిరుపతి జిల్లాలోకి పోయింది గానీ, ఆకాశం తేటగా ఉంటే కింది మండలాల్లో మిద్దెక్కి చూసేవాళ్లం మనమే. 2023 జులై 14న చంద్రయాన్-3 లేచినప్పుడు దేశమంతా టీవీల ముందు కూర్చుంది. మరుసటి రోజు బడిలో ఆ రాకెట్ సముద్రం వైపే ఎందుకు పోతుందని మీ పిలకాయకి ఎవరన్నా చెప్పారా? భూమి పడమర నుంచి తూర్పుకి తిరుగుతుంది కాబట్టి తూర్పుకి వదిలితే ఆ వేగం కొంత కలిసొస్తుంది. పైగా ఏదన్నా తేడా వస్తే కింద ఊళ్లుండవు, నీళ్లుంటాయి. కూతవేటు దూరంలో ఇంత పాఠం పెట్టుకుని దాని గురించి ఒక్క మాట మాట్లాడని బడి ఎంత పెద్ద బిల్డింగ్ కడితే ఏం లాభం?

చేసి చూపించాలంటే లక్షల సామాను కావాలి, అది పెద్ద స్కూళ్లకే సాధ్యం అనుకుంటారు చాలామంది. అబ్దుల్ కలాం గారు తన చిన్నప్పటి సంగతి ఒకటి చాలా సభల్లో చెప్పేవారు. రామేశ్వరం, మన మాదిరే సముద్రం ఒడ్డు ఊరు. ఆయన అయిదో తరగతిలో ఉన్నప్పుడు శివసుబ్రహ్మణ్య అయ్యర్ అనే అయ్యోరు నల్లబల్ల మీద పక్షి బొమ్మేసి అది ఎట్టా ఎగురుతుందో చెప్పారు. పాఠం అయినాక అర్థమైందా అని అడిగితే, కలాం అర్థం కాలేదన్నాడు. మిగతా పిలకాయలూ అదే మాట అన్నారు. ఆ అయ్యోరు కోప్పడలేదు. సాయంత్రం అందరినీ సముద్రం ఒడ్డుకి తీసుకుపోయి, ఎగిరే పక్షుల్ని చూపించి, రెక్క ఎట్టా కొడుతుంది, తోక ఎట్టా తిప్పుతుంది అని మళ్లీ చెప్పారు. తన జీవితానికి దారి అక్కడే పడిందని కలాం గారు చెప్పుకున్నారు. ఆ పిలకాయే పెద్దయి మన శ్రీహరికోటలో ఎస్‌ఎల్‌వీ-3కి ప్రాజెక్టు డైరెక్టర్ అయ్యాడు. 1979 ఆగస్టు 10న వదిలిన మొదటి రాకెట్ బంగాళాఖాతంలో పడిపోయింది. 1980 జులై 18న వదిలిన రెండోది రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది.

ఆ రోజు సముద్రం ఒడ్డు పాఠానికి రూపాయి ఖర్చు కాలేదు. కావాల్సినవి రెండే. అర్థం కాలేదని చెప్పే ధైర్యం పిలకాయకి, విని మళ్లీ చెప్పే ఓపిక అయ్యోరికి. ఈ రెండూ ఉండే బడిని వెతకాలి మనం.

ఎట్టా వెతకాలి? పీఆర్వో చూపించే రోజు కాకుండా, మామూలు పనిదినాన మీరే పొండి. ఆలుమగలిద్దరూ పోతే ఇంకా మంచిది. ఇవి చూడండి.

1. ల్యాబ్ తాళం. "సైన్సు ల్యాబ్ చూపిస్తారా?" అని అడగండి. తాళం వెంటనే దొరికిందంటే వాడుతుండారని అర్థం. అరగంట వెతికారంటే మీకే తెలుస్తుంది. లోపల సీసాల మీద దుమ్ముందా, సింకులో నీళ్లొస్తున్నాయా, మైక్రోస్కోప్ అట్టపెట్టెలో ఉందా బల్ల మీద ఉందా చూడండి. పగిలిన ఒకటి రెండు పరీక్షనాళికలు కనపడితే భయపడొద్దు. పిలకాయల చేతులు పడ్డ ల్యాబ్ అది. అన్నీ తళతళా మెరుస్తుంటే అనుమానపడాలి.

2. పిలకాయని అడగండి. అక్కడ చదివే ఏ ఏడో తరగతి పిలకాయనైనా పలకరించి, "ఈ ఏడు నీ చేత్తో ఏ ప్రయోగం చేశావు?" అనండి. సార్ చేస్తే చూశాం అంటే సగం మార్కులు. వీడియోలో చూశాం అంటే పావు. "నేను చేశాను, మొదటిసారి రాలేదు, మళ్లీ చేస్తే వచ్చింది" అన్నాడంటే నూటికి నూరు.

3. నోటుపుస్తకం తిప్పండి. ముగ్గురివి పక్కపక్కన పెట్టి చూడండి. మూడింట్లో అక్షరం పొల్లుపోకుండా ఒకే జవాబుంటే చెప్పి రాయించారని అర్థం. తప్పులుండి, ఎర్ర ఇంకుతో దిద్ది, పక్కన ఎందుకు తప్పో రాసుంటే ఆ అయ్యోరు పని చేస్తుండాడు.

4. అయ్యోరు ఎవరు? హైస్కూల్లో ఫిజిక్స్, కెమిస్ట్రీ చెప్పేవాళ్లు వేరు, బయాలజీ చెప్పేవాళ్లు వేరు ఉండాలి. పదో తరగతిలో భౌతికశాస్త్రం, జీవశాస్త్రం వేర్వేరు పేపర్లు గదా. ఇద్దరున్నారా, ఏ సబ్జెక్టులో డిగ్రీ చేశారు, బీఈడీ ఉందా, ఎన్నేళ్లుగా ఉన్నారు అని అడగండి. ఏడాదికి ముగ్గురు మారే బడిలో పునాది పడదు.

5. టైంటేబుల్. ఆరో తరగతి నుంచే ఫౌండేషన్ అని పెట్టి మామూలు సైన్సు పీరియడ్లని మింగేస్తుండారేమో చూడండి. పదకొండేళ్ల పిలకాయకి ముందు కావాల్సింది కంటితో చూసి, చేత్తో చేసి, మాటల్లో చెప్పడం. బిట్లు కొట్టడం తర్వాతయినా నేర్చుకుంటాడు.

6. భాష. ఇంగ్లీషు మీడియం తప్పని నేననను. పాఠం ఇంగ్లీషులో విని, దాన్నే ఇంటికొచ్చి వాళ్లమ్మకి తెలుగులో చెప్పగలుగుతుండాడా? చెప్పలేకపోతే మాటలు వచ్చాయి, విషయం రాలేదు. సర్కారు బడి పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు ఉంటాయి. అది మన పిలకాయలకి ఎంత సాయమో ఒకసారి తెరిచి చూస్తే తెలుస్తుంది.

ఈ ఆరింటినీ ముందు మన పంచాయతీ హైస్కూల్లోనే చూడండి అంటాను. నవ్వకండి. టౌన్ బడిలో మనం ఫీజు కట్టి అడగాల్సిన ఇద్దరు సైన్సు అయ్యోర్లకి, అంటే భౌతికశాస్త్రానికి ఒకరు, జీవశాస్త్రానికి ఒకరు అని, జెడ్పీ హైస్కూళ్లకి సర్కారే పోస్టులిచ్చి జీతమిస్తుంది. వాళ్లు డీఎస్సీ రాసి పోటీలో నెగ్గి వచ్చినవాళ్లు. 2025 మెగా డీఎస్సీకి 16,347 పోస్టులంటే ఎన్ని లక్షల దరఖాస్తులు పడ్డాయో మీ ఊరి బీఈడీ కుర్రోళ్లని అడగండి.

ఇంకొన్ని లాభాలు పీఆర్వో చెప్పడు కాబట్టి నేను చెప్తా. సర్కారు బడిలో పది చదివిన పిలకాయలకి ట్రిపుల్ ఐటీ సీట్ల లెక్కలో 4 శాతం మార్కులు కలుపుతారు. ఎనిమిదో తరగతిలో ఎన్‌ఎంఎంఎస్ పరీక్ష నెగ్గితే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 రూపాయలు వస్తుంది. ఇంటి ఆదాయం మూడున్నర లక్షలు దాటకూడదు. ఇది సర్కారు, ఎయిడెడ్ బళ్లలో చదివేవాళ్లకే. ఇస్రో వాళ్లు 2019 నుంచి తొమ్మిదో తరగతి పిలకాయలకి యువికా అని ఒక కార్యక్రమం పెడుతుండారు. ఎంపికలో పల్లె బడిలో చదివేవాళ్లకి విడిగా మార్కులుంటాయి. ఇన్‌స్పైర్ మానక్ కింద పిలకాయ సొంత ఆలోచన ఎంపికైతే నమూనా చేసేదానికి 10,000 రూపాయలిస్తారు. మీ బడి నుంచి పోయినేడు ఎవరన్నా పంపారా అని హెడ్‌మాస్టర్ని అడగండి. అయిదో తరగతి పిలకాయలుండేవాళ్లు మర్రిపాడు మండలం కృష్ణాపురంలోని నవోదయ పరీక్ష మరవొద్దు. అక్కడ 75 శాతం సీట్లు పల్లె పిలకాయలకే.

సర్కారు బళ్లన్నీ బంగారం అని నేను చెప్పడం లేదు. పోస్టు ఖాళీగా ఉండే బడి ఉంది. ల్యాబ్ గది పాత బెంచీలకి గోడౌన్ అయిన బడి ఉంది. పాఠం చెప్పాల్సిన అయ్యోరు ఫోన్లో ఫోటోలు ఎక్కించుకుంటూ కూర్చునే రోజులూ ఉన్నాయి. అట్టాగే ఒక సైన్సు మాస్టారు ప్రాణం పెట్టి చెప్పే చిన్న ప్రైవేటు బళ్లు కూడా మన మండలం సెంటర్లలో ఉన్నాయి. ఆరింట్లో అయిదు అక్కడ కుదిరితే అక్కడే చేర్పించండి. ఏ బడైనా సరే, చూసి చేర్పించండి.

"కోచింగ్ లేకుండా జేఈఈ, నీట్, ఈఏపీసెట్‌లో సీటు వస్తుందా?" అని అడుగుతారు. ఆ పోటీకి ఇంటర్లో కోచింగ్ కావాల్సి రావచ్చు, కాదనను. దానికి నెల్లూరు పుట్టినిల్లు లాంటిది. కానీ అది పైరు ఏపుగా ఎదిగినాక వేసే మందు లాంటిది. నారే బలంగా లేనప్పుడు పిండి ఎంత చల్లితే ఏం? ఆరు నుంచి పది దాకా అయిదేళ్లు నారుమడి. పదేళ్లు నిండీనిండని బిడ్డని హాస్టల్లో వేసి, ఆదివారం పూట గేటు కాడ మాట్లాడి రావడం ఈ చదువుకి అవసరమా, ఆలోచించండి.

ఇంకోటి కూడా చెప్పాలి. మన ఇళ్లల్లో మగపిలకాయ టౌన్ బస్సెక్కుతాడు, ఆడపిల్ల ఊరి బడికి నడిచిపోతుంది. ఊరి బడిని ఎవరూ పట్టించుకోకపోతే నష్టపోయేది మన ఇంటి ఆడబిడ్డే. ల్యాబ్‌లో కూడా చూడండి, మగపిలకాయ ప్రయోగం చేస్తుంటే ఆడపిల్ల పక్కన రాసుకుంటుంటే అది సగం బడే.

మనం అందరం పిలకాయల్ని తీసేస్తే ఏమవుతుంది? పిలకాయల సంఖ్యని బట్టే పోస్టులు. సంఖ్య తగ్గితే అయ్యోరు ఇంకో ఊరికి పోతాడు. మన గుంటల్లో వలేసే యానాదుల పిలకాయలు, పట్టపుపాళేల పిలకాయలు, మన కయ్యల్లో నాట్లేసే కూలోళ్ల పిలకాయలు అక్కడే మిగులుతారు. వాళ్లకి పీఆర్వో రాడు. ఐదు పుట్ల ఫీజు కట్టే స్తోమతు వాళ్లకి లేదు. మనం ఖాళీ చేసిపోయిన బడిలో వాళ్లకి సైన్సు చెప్పేవాడే ఉండడు. ఊరి బడి మంచిదైతే మన పిలకాయతో పాటు వాళ్లకీ దారి దొరుకుతుంది.

అందుకే బడిని చూసి ఊరికే తిరిగి రావొద్దు. విద్యాహక్కు చట్టం ప్రకారం బడి కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, మొత్తంలో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. సంతకం పెట్టి టీ తాగి వచ్చేదానికి కాదు ఆ కమిటీ. ల్యాబ్ గది ఖాళీ చేయించండి. ఖాళీ పోస్టు గురించి తీర్మానం రాయించి ఎంఈవో ఆఫీసుకి పంపండి.

మనం ఇవ్వగలిగింది కూడా ఉంది. పీహెచ్ కిట్టు, ఉప్పుశాతం చూసే రిఫ్రాక్టోమీటర్, కొంతమంది కాడ ఆక్సిజన్ మీటర్, ఇవి ఎన్నో బళ్లలో లేవు, మన గుంటల షెడ్లలో ఉన్నాయి. నెలకి ఒక పూట వాటిని బడికి తీసుకుపోండి. లేదా అయ్యోర్లని అడిగి పిలకాయల్నే గట్టు మీదకి పిలవండి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వాళ్ల చేతే నీళ్లు కొలిపించి బోర్డు మీద రాయించండి. అంకెలు ఎందుకు మారాయో అయ్యోరు చెప్తాడు. ఆ పాఠం వాళ్లకి జన్మలో మరుపు రాదు. గట్టు మీదకి తీసుకుపోయేటప్పుడు లోతు దగ్గర, కరెంటు వైర్ల దగ్గర పెద్దోళ్లు పక్కనే ఉండాలి, అది మాత్రం జాగ్రత్త.

జూన్ 12న బళ్లు తెరుస్తారు. సెలవులు మొదలయ్యేలోపు ఒక పనిదినం చూసుకుని ముందు మీ ఊరి హైస్కూలుకి, తర్వాత మీరనుకున్న ప్రైవేటు బడికి పొయ్యి రండి. రెండింటికీ ఇవే ఆరు ప్రశ్నలు. ఎక్కడ జవాబు బాగుంటే అక్కడ చేర్పించండి. పీఆర్వో వస్తే కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి, "సార్, మీ ల్యాబ్ తాళం ఎవరి కాడ ఉంటుంది?" అని అడగండి.

మీ ఊరి బడిలో ల్యాబ్ ఎట్టా ఉందో, మీ పిలకాయ ఈ ఏడు తన చేత్తో ఏ ప్రయోగం చేశాడో కింద రాయండి. నలుగురికీ పనికొస్తుంది.